గౌరీబాయి హాజరు పట్టీ

ముందే ఒప్పుకుంటే మంచిది. నేను లెక్కల మాస్టర్ని. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇరవై ఏళ్ళపాటు సంగీతం పీరియడ్‌ను లాక్కుని అందులో భిన్నాలు, దశాంశాలు చెప్పినవాణ్ణి. డ్రాయింగ్, ఆటలు, సంగీతం ఇవన్నీ పదో తరగతి ఫలితాల కోసం దేవుడు నాకు ప్రత్యేకంగా కేటాయించిన పీరియడ్లని గట్టిగా నమ్మినవాణ్ణి. ఇప్పుడు సూర్యాపేటలో ఒక హైస్కూలుకు హెడ్మాస్టర్ని. నా దృష్టిలో పాటంటే పెళ్ళి భోజనాల దగ్గర పక్కవాడి మాట వినపడకుండా చేసేది. అలాంటి నేను గౌరీబాయి గురించి రాయడమంటే గాడిద గంధం గురించి రాసినట్టే. అయినా రాస్తున్నాను. ఆమెను చూసి నేను పడ్డ ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు, ఇక తగ్గేలా కూడా లేదు.

ఆమె మా స్కూలుకు వచ్చింది జూన్ నెలలో, అడ్మిషన్ల హడావిడిలో. నా గది ముందు టీసీల కోసం, బోనఫైడ్ల కోసం తల్లిదండ్రులు కిక్కిరిసి ఉన్నారు. అరవై దాటిన ఒక సన్నటి మనిషి, నేత చీర కట్టుకుని, చేతిలో గుడ్డ సంచితో నా బల్ల ముందు నిలబడి పెదవులు కదుపుతోంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

"ఏం గావాలమ్మా? జర గట్టిగ చెప్పు!" అని అరిచాను.

ఆమె బల్ల మీదికి వంగింది. "గట్టిగ రాదు సార్. ఉన్నదే గింత" అంది. ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుంది ఆ గొంతు. "నా పేరు గౌరీబాయి. సంగీతం టీచర్‌గ చేసి రిటైరైన. ఇగ సంగీతం టీచర్లు కావాలనుకునేటోళ్ళకు ట్రైనింగ్ ఇస్తున్న."

నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాను. గొంతే లేని మనిషి సంగీతం నేర్పడమేమిటి, అదీ రేపు బళ్ళల్లో నేర్పబోయేవాళ్ళకు నేర్పడమేమిటి! ఆమె నా నవ్వును పట్టేసింది, కానీ ఏమీ అనుకున్నట్టు లేదు. తన దగ్గర ఐదుగురు నేర్చుకుంటున్నారని, నేను పొద్దున ఆరో తరగతిలో హాజరు పిలిచే పది నిమిషాలూ వాళ్ళను వెనక బెంచీలో కూర్చోనివ్వమని అడిగింది.

"పాడరు సార్, వాయించరు, మాట్లాడరు. ఉత్తగ వింటరు."

"హాజరుల వినేటందుకు ఏముంటదమ్మా?"

"అంతా గాడనే ఉన్నది సార్."

నా లెక్కల పీరియడ్‌కు ఎసరు రాదు కదా అనుకుని సరేనన్నాను.

మర్నాటి నుంచి ఐదుగురు పెద్దమనుషులు చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. మిర్యాలగూడ నుంచి సింధూజ, కోదాడ నుంచి దేవేందర్ మొదటి బస్సు పట్టుకుని వచ్చేవారు. మిగతా ముగ్గురూ ఊళ్ళోవాళ్ళే. ఆరో తరగతిలో యాభై రెండు మంది పిల్లలు. నేను ఒక పేరు పిలవడం, ఆ పిల్లో పిల్లాడో "ప్రెజెంట్ సార్" అనడం, వెనక కూర్చున్నవాళ్ళు నోటుబుక్కులో పేరు పక్కన ఒక గీత గీయడం. కొందరికి పైన, కొందరికి కింద. గౌరీబాయి కిటికీ పక్కన స్టూలు వేసుకుని కళ్ళు మూసుకునేది. నా హాజరుకు కచేరీ మర్యాద పట్టింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, రెండో రోజు నుంచి నేను కూడా పేర్లు పిలిచే ముందు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాను.

వారం గడిచింది. ఒక రోజు హాజరు ముగించి బయటికి వస్తుంటే ఆమె నా పక్కకు వచ్చింది.

"సార్, ఇయ్యాల శ్రీజ రాలేదు. ఆమె పేరుకు వెనక పిల్ల పలికింది."

వెనక్కి వెళ్ళి చూశాను. శ్రీజ కూర్చునే చోటు ఖాళీ. మోతెలో మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళిందట. వెనక పిల్ల తల దించుకుంది. ఇన్నేళ్ళలో నన్ను ఇలా ఎంతమంది బురిడీ కొట్టించారో తల్చుకుంటే లెక్కల మాస్టర్ని, నాకే లెక్క తేలలేదు.

"ఇంకోటి సార్. ముప్పై ఒకటో నంబరు పిల్లగాడు. సోమవారం నుంచి గొంతు కిందికి దిగుతున్నది. జరమొచ్చేటట్టున్నది, సూడుండ్రి."

మర్నాడు ముప్పై ఒకటో నంబరు బడికి రాలేదు. జ్వరంతో దవాఖానకు తీసుకుపోయామని వాళ్ళ నాయన ఫోన్ చేశాడు. ఆ పిల్లల ముఖాలు నాకు తెలుసు, మార్కులు తెలుసు, ఇంటిపేర్లు తెలుసు. వారం రోజుల్లో యాభై రెండు గొంతులను విడివిడిగా గుర్తుపట్టవచ్చని మాత్రం తెలియదు. మర్నాడు నేను కూడా ఒక్కొక్క పేరు పిలిచి, కళ్ళు మూసుకుని విన్నాను. యాభై ఒక్కసార్లు "ప్రెజెంట్ సార్" వినపడింది, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం వాళ్ళు నేర్చుకునే గదికి వెళ్ళాను. ఒక జిరాక్స్ షాపు మీద కిరాయి గది. చాపలు, రెండు హార్మోనియంలు, ఒక తబలా జత, గోడకు ఒక బోర్డు. నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టి, తిత్తి తనే ఊదుతూ ఒక్కొక్క మెట్టూ నొక్కించింది.

"ఒకటి, ఒకటిన్నర... గివి మగోళ్ళ గొంతుకు సరిపోయే శ్రుతులు సార్. పిల్లల గొంతు ఐదు, ఆరు కాడ ఉంటది. మగ టీచరు తన శ్రుతి పట్టుకోని పాడుమంటే పిల్లగాండ్లు అంత కిందికి దిగలేరు. గొంతు నలిపి గుర్రుమంటరు. నీకు సంగీతం రాదు కూసో అంటడు టీచరు. ఆ పిల్ల ఇగ జిందగీల నోరు తెరువది."

"మరి ఒక్కొక్కల్ని పాడుమని అడిగితే తెలుస్తది కదా. హాజరెందుకు?"

"పాడుమంటే భయానికి దొంగ గొంతు వస్తది సార్. పేరు పిలిస్తే సొంత గొంతు వస్తది."

అప్పుడు చటుక్కున నాకు మూడో తరగతి గుర్తొచ్చింది. ఒక పంతులుగారు నన్ను పాడమని, పాడితే నవ్వి కూర్చోబెట్టారు. ఆ సంగతి నలభై ఏళ్ళుగా నా మనసులో లేదు. ఆ గదిలో గౌరీబాయికి చెప్పలేదు గానీ, ఇంటికి నడిచి వెళుతుంటే ఆ పంతులుగారి మీద పట్టరాని కోపం వచ్చింది.

గౌరీబాయిది పెన్‌పహాడ్ మండలంలో ఒక తండా. తల్లీతండ్రీ నాట్లకూ కోతలకూ వెళ్ళేవాళ్ళు. సూర్యాపేట హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, పక్కవీధి భజన మందిరంలో ఒక ముసలాయన హార్మోనియం వాయిస్తుంటే గుమ్మం దగ్గర కూర్చుని చూసేది. రెండు నెలలు చూశాక ఆయన లోపలికి పిలిచాడు. అక్కడ పట్టిన సంగీతం పరీక్షల దాకా, పరీక్షలు ఉద్యోగం దాకా తీసుకెళ్ళాయి. మిర్యాలగూడ దగ్గర ఒక బాలికల గురుకులంలో సంగీతం టీచరైంది. ఆమె తండాలో ఆడవాళ్ళలో మొదటి సర్కారు ఉద్యోగం అది. అప్పట్లో ఆమె గొంతు ఎలా ఉండేదో నేను విన్నవాణ్ణి కాదు. ఆ బడిలో వంట చేసిన ఒకామె నాతో అంది, "మేడం పాడితే మేం గంటె ఆడనే ఇడిసేది సార్, అన్నం అడుగంటేది" అని. పదిహేనేళ్ళు అలా పాడింది.

నలభై ఒకటో ఏట గొంతులో గడ్డ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. అది ఎవరి తప్పూ కాదనే అంటుంది ఇప్పటికీ. మూడు నెలల తర్వాత రాజీనామా కాగితం రాసుకుని, సంచిలో పెట్టుకుని బడికి వెళ్ళింది. ఆఖరుసారి హాజరు పిలుద్దామని పట్టీ తెరిచిందట. గుసగుసగా పిలుస్తుంటే, తమ పేరు ఎక్కడ తప్పిపోతుందోనని పిల్లలందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్క పిల్ల "ప్రెజెంట్ మేడం" అంటోంది.

"పదిహేనేండ్లు నా గొంతే నేను విన్న సార్" అని చెప్పింది నాతో. "ఆ దినమే మొదలు, వాళ్ళయి విన్నది."

హాజరైపోయాక హార్మోనియం మీద ఆరో మెట్టు నొక్కి, చెయ్యి ఎత్తింది. అంతకు ముందు నేర్చుకున్న పాటను పిల్లలు తమంతట తామే అందుకున్నారు. తాను ముందు పాడి, వాళ్ళు వెనక పాడిన పదిహేనేళ్ళలో ఎన్నడూ అంత బాగా పాడలేదట. రాజీనామా కాగితం ఇవ్వలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గొంతు లేకుండానే సంగీతం చెప్పి రిటైరైంది. ఈ మాట రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ నేను కళ్ళారా చూసింది దీనికంటే పెద్దది.

అదే దేవేందర్ సంగతి. దేవేందర్‌ది మోతె దగ్గర తండా, కోదాడలో కాపురం. నలభై మూడేళ్ళు. పదిహేనేళ్ళు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో పాడాడు. డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలను ఖతం చేశాక ఇంటికే పరిమితమయ్యాడు. అతని భార్య వనిత జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. గురుకులాల్లో సంగీతం టీచర్ పోస్టులు పడతాయన్నారు. అయితే వచ్చే జూలైతో అతని వయసు పరిమితి దాటిపోతుంది. అప్పటికి ట్రైనింగ్ సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే దరఖాస్తు. మార్చి పరీక్ష తప్పాడంటే ఇక బతుకులో మరో పరీక్ష లేదు.

"ఇదే ఆఖరు సార్" అనేవాడు నాతో, టీ తాగుతూ. "నా గొంతు మీద నాకు భరోసా ఉన్నది. మేడం ఒక్కసారి పాడనిస్తే సాలు."

దసరా సెలవుల తర్వాత పాడనిచ్చింది. దేవేందర్ మా ఆరో తరగతికి పాట నేర్పడానికి నిలబడ్డాడు. హార్మోనియం మీద తనకు అలవాటైన ఒకటిన్నర పట్టుకుని గొంతెత్తాడు. ఏం గొంతది! గుడి గంటలా మోగింది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీలకు వేలాడారు. నా క్లర్కు ఫైళ్ళు వదిలేసి వచ్చాడు. పాట అయ్యాక నేనే ముందు చప్పట్లు కొట్టాను. తర్వాత పిల్లలను పాడమన్నాడు. యాభై రెండు మందీ గుర్రుమన్నారు, నీళ్ళు రాని బోరింగు కొట్టినట్టు. దేవేందర్ ఇంకా గట్టిగా పాడి వాళ్ళ గొంతులను కప్పేశాడు.

గౌరీబాయి లేచింది. "ఎవరు పాడిండ్రు?"

"నేనే మేడం" అన్నాడు గర్వంగా.

"పిల్లలు?"

అతను హార్మోనియం పెట్టె మూశాడు.

"రేపటి నుంచి మళ్ళ వెనక బెంచీల కూసో. రెండు నెలలు."

ఇద్దరికీ కోపం వస్తే లంబాడీలోకి దిగుతారు. ఆ పోట్లాటలో నాకు ఒక్క మాట అర్థం కాలేదు గానీ, అతని గొంతులో ఏడుపు మాత్రం తెలిసింది. నేను అతని పక్షాన నిలబడ్డాను. అంత మంచి గొంతున్నవాణ్ణి అలా శిక్షించడం అన్యాయమన్నాను, వయసు దాటిపోతోందన్నాను.

"గందుకే భయం సార్" అంది ఆమె. "ఆ గొంతు అతన్ని ఇంకొకల్ని విననిస్తలేదు."

అతను మానేస్తాడనుకున్నాను. మానలేదు. మర్నాడు మొదటి బస్సుకే వచ్చి, ముఖం గంటు పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. డిసెంబరు నాటికి మా ఆరో తరగతిలో ఎవరు పలికినా చూడకుండా పేరు చెప్పేవాడు.

మార్చిలో పరీక్ష కోదాడలోని ఒక స్కూల్లో పెట్టారు. గౌరీబాయిని నా కారులో తీసుకెళ్ళాను. నియమాలు కఠినంగా ఉన్నాయి. ముక్కూ ముఖం తెలియని పిల్లలకు పావుగంటలో ఒక కొత్త పాట నేర్పాలి. ఆ తర్వాత ఐదు నిమిషాలు అభ్యర్థి స్వయంగా పాడి వినిపించాలి. అభ్యర్థికి శిక్షణ ఇచ్చినవాళ్ళు లోపలికి రాకూడదు. మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. తలుపు మూసి ఉంది, కానీ కిటికీ రెక్క ఒకటి విరిగి ఉండడంతో మాటలన్నీ వినపడుతున్నాయి. లోపల పరీక్షకులు ఇద్దరు, సుమిత్ర గారనే ఆవిడ, ఒక పెద్దాయన.

దేవేందర్ వంతు వచ్చింది. లోపలికి వెళ్ళేటప్పుడు అతని చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. హార్మోనియం తిత్తి కదిలిన చప్పుడు. ఒక మెట్టు మోగింది.

గౌరీబాయి నా మోచేయి పట్టుకుంది. "ఒకటిన్నర. ఖతం."

భయంలో చేతివేళ్ళు పదిహేనేళ్ళ అలవాటుకే పోయాయి. తన శ్రుతే పట్టుకున్నాడు. ఆ గంటలాంటి గొంతుతో ఒక వరుస పాడాడు. గౌరీబాయి పిల్లల కోసం కట్టిన పాట అది.

"జొన్న చేల కంకి మీద పిట్ట వాలెనే."

పిల్లలు అందుకున్నారు. అదే గుర్రుగుర్రు. ఎవరో కిసుక్కున నవ్వారు. హార్మోనియం ఆగిపోయింది. అతని బతుకంతా ఆ గదిలో ఆగిపోయినట్టనిపించింది. గౌరీబాయి వేళ్ళు నా మోచేతిలో దిగబడుతున్నాయి.

"పిల్లలూ" అన్నాడు దేవేందర్. "తప్పు నాది, మీది గాదు. నేను మిమ్ముల వినకుండ మొదలువెట్టిన. జర ఆగుండ్రి. మేడం, ఈ క్లాసు హాజరు పట్టీ ఇస్తరా?"

"మీరు పాట నేర్పడానికి వచ్చారా, అటెండెన్స్ తీసుకోవడానికి వచ్చారా?" పెద్దాయన గొంతు. "టైమ్ అయిపోతోందండీ, చూసుకోండి."

"హాజరు తీసుకునేటందుకే సార్" అన్నాడు దేవేందర్.

పేర్లు మొదలయ్యాయి. ఒక్కొక్కటీ నిదానంగా, ఆ పిల్లతో తనకు ఏదో పని ఉన్నట్టు. "ప్రెజెంట్ సార్." "ఉన్నానండీ." "ప్రెజెంట్ సార్." గౌరీబాయి కళ్ళు మూసుకుంది. ఆమె కుడిచేయి చీర కుచ్చెళ్ళ మీద పైకీ కిందికీ కదులుతోంది. నేను వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. ఒక నిమిషం, మూడు నిమిషాలు, ఆరు నిమిషాలు. పరీక్ష పోయిందనే అనుకున్నాను. నలభై నాలుగు పేర్లూ పిలిచాడు.

"ఐదున్నర" అంది గౌరీబాయి, కళ్ళు తెరవకుండా.

లోపల ఒక మెట్టు మోగింది.

"అదే" అంది.

ఈసారి దేవేందర్ పాడలేదు. మాటలను మాత్రం మెల్లగా, దాదాపు గుసగుసగా అందించాడు. హార్మోనియం వరుస చూపింది. ముందు ఇద్దరు ముగ్గురు పలికారు. తర్వాత ఒక బెంచీ, తర్వాత అన్ని బెంచీలూ. గట్టిగా పాడమని ఎవరూ చెప్పలేదు, కానీ ఆ గొంతులు తేలిగ్గా, ధైర్యంగా లేచాయి. అంతకు ముందు గుర్రుమన్న పిల్లలు వీళ్ళేనా అని నేను లేచి విరిగిన రెక్క సందులోంచి తొంగి చూశాను. వాళ్ళే. మెడలు నిటారుగా పెట్టుకుని పాడుతున్నారు. ఎంత చెవి పెట్టినా దేవేందర్ గొంతు మాత్రం ఎక్కడా వినపడలేదు.

ఇరవై నిమిషాలూ అయిపోయినట్టు గంట కొట్టారు.

"మీరు విడిగా పాడనే లేదు" అన్నారు సుమిత్ర గారు. "ఆ మార్కులు పోతాయి, తెలుసా?"

"తెలుసు మేడం."

"సరే. మీరు బయటికి వెళ్ళండి. హార్మోనియం అక్కడే ఉంచండి, పెట్టె మూసేయండి."

తలుపు తీసుకుని దేవేందర్ బయటికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పోయింది మేడం" అన్నాడు. "టైమ్ సాల్లేదు. నేను పాడనేలేదు." వనితకు ఏం చెప్పాలని నన్ను అడిగాడు. అంత బాగా చేసిన మనిషిని అలా బయటికి పంపేశారని ఆ పరీక్షకుల మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో లోపలి నుంచి సుమిత్ర గారి మాట వినపడింది. "పిల్లలూ, సార్ లేరు. హార్మోనియం లేదు. ఇప్పుడు పాడతారా?"

ఒక పిల్ల మొదలుపెట్టింది. ఒంటరిగా, వణుకుతూ, కానీ సరిగ్గా. దాని వెంట మిగతా నలభై మూడు గొంతులూ కలిశాయి.

"జొన్న చేల కంకి మీద పిట్ట వాలెనే... పిట్ట వాలి పాట చెప్పి ఎటో పోయెనే..."

దేవేందర్ తలుపు వైపు తిరిగి బొమ్మలా నిలబడిపోయాడు. గౌరీబాయి చెవి ఒగ్గి చివరి మాట దాకా విన్నది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. శ్రుతి ఎక్కడైనా జారుతుందేమోనని వెతుకుతోంది. జారలేదు.

"అదే ఐదున్నర" అంది. తర్వాత ఆ మిగిలిన గొంతునంతా కూడగట్టుకుని, అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "వాళ్ళకు ఇగ నీతోటి పని లేదు బిడ్డా. నువ్వు పాసైనవ్."

ఐదు నిమిషాల తర్వాత సుమిత్ర గారు బయటికి వచ్చి అదే మాట మార్కులతో సహా చెప్పారు. విడిగా పాడనందుకు సున్నా, నేర్పినందుకు డెబ్బై ఐదుకు డెబ్బై రెండు. దేవేందర్ వినే స్థితిలో లేడు. గౌరీబాయి మోకాళ్ళ మీద తల పెట్టి, తండాలో తల్లిని పిలిచినట్టు "యాడీ, యాడీ" అంటూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాను. లోపల పిల్లలు, ఎవరూ అడగకుండానే, ఆ పాటను మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు.